అమ్మానాన్నలతో ఫాలెన్ లీఫ్ లేక్ దగ్గర టెంట్ వేసుకోవచ్చా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో జూలైలో కాలిఫోర్నియాలో టాహో సరస్సు పక్కన ఫాలెన్ లీఫ్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు ఉండొచ్చా, ఎలుగుబంట్లతో ప్రమాదమా అని అడిగారు. ఉండొచ్చు. రెండేళ్ళ కిందట మేమూ అచ్చం ఇలాగే ఆరుగురం వెళ్ళాం. మీరు ఎలుగుబంటి గురించి నాలుగు ప్రశ్నలడిగారు గానీ చలి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు, మమ్మల్ని ఏడిపించింది చలే.

ఆ చోటు 6,400 అడుగుల ఎత్తులో ఉంటుంది, ఊటీకి ఓ వెయ్యి అడుగులు తక్కువ. పగలు టీషర్ట్ చాలు, కానీ పొద్దు కొండ చాటుకి వెళ్ళాక స్వెట్టర్ వెతుక్కుంటారు, తెల్లవారుజామున అయితే నోట్లోంచి పొగలే. మేం చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, పెద్దవాళ్ళకి మెత్తగా ఉంటుందని గాలి పరుపు వేశాం. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా కింద ఆ గాలి చల్లబడిపోయి వీపుకి ఐసుగడ్డ ఆనించినట్టే ఉంటుంది. మూడింటికి నాన్న లేచి కార్లో హీటర్ వేసుకుని కూర్చున్నారు. రెండో రాత్రి పరుపు మీద ఫోమ్ షీటు, దాని మీద ఇంటి నుంచి తెచ్చిన బొంత పరిచాం, హాయిగా నిద్రపోయారు. మోకాళ్ళ నొప్పులుంటే మడత మంచాలు తీసుకెళ్ళండి, నేల మీంచి లేవడం కష్టం. వాటి మీద కూడా మందంగా ఏదైనా పరవాల్సిందే.

ఇక ఎలుగుబంటి. మన శ్రీకాకుళం, కళ్యాణదుర్గం వైపు ఎలుగు మనిషి మీద పడిందన్న వార్తలు చదివిన వాళ్ళకి భయం వేయడం న్యాయమే. ఇక్కడివి బ్లాక్ బేర్లు, వాటి చూపంతా మన తిండి మీదే. ప్రతి సైటు (టెంట్ వేసుకునే చోటు) దగ్గరా ఇనుప పెట్టె ఉంటుంది, వాసన వచ్చే వస్తువు ఏదైనా అందులోనే పెట్టి గొళ్ళెం వేయాలి, కార్లో ఉంచితే తలుపు పీకేస్తుంది. తిండి వరకు అందరికీ గుర్తుంటుంది. టూత్‌పేస్టు, అగరబత్తి, పిల్లల లోషన్ మర్చిపోతారు. మా అమ్మ కొబ్బరినూనె సీసా దిండు కింద పెట్టుకుని పడుకుంది! రాత్రి పదకొండింటికి పక్క వరస సైట్లలో ఎవరో గిన్నెలు మోగిస్తూ ఎలుగుని తరుముతుంటే అప్పుడు తీసి ఇచ్చింది. మేం మాత్రం దాన్ని చూడలేదు, పిల్లలకి ఇప్పటికీ అదే బాధ.

అమ్మకి ఉడుతలకి పల్లీలు వేయాలని మహా సరదా, రాములవారి ఉడుత కదా. అక్కడ వేయనివ్వకండి. చిప్‌మంక్‌లలో, అంటే అక్కడి చారల చిన్న ఉడుతల్లో, ప్లేగు కనబడిందని 2021 ఆగస్టులో ఆ పక్కనే ఉన్న టేలర్ క్రీక్ సందర్శకుల కేంద్రాన్ని కొన్నాళ్ళు మూసేశారు.

వంటకి మామూలు ప్రొపేన్ స్టవ్ చాలు, కానీ కుక్కర్ మర్చిపోవద్దు. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, విడి గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. మొదటి పూటకి పులిహోర ఇంట్లోనే కలిపి తీసుకెళ్ళండి, టెంట్ వేసేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. గిన్నెలు మాత్రం కుళాయి కింద కడగకూడదు, మెతుకులు పడితే మళ్ళీ ఎలుగే వస్తుంది. ఒక టబ్బు తీసుకెళ్ళండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్ళొద్దు, వాటితో పాటు చెట్లను తినే పురుగులు కూడా వెళ్తాయి, అక్కడే కొనుక్కోండి. ఎండలు ముదిరాక ఒక్కోసారి మంట అసలు వేయనివ్వరు, బయల్దేరే ముందు రోజు చూసుకోండి.

చెరువు సైట్లకి ఆనుకుని ఉండదు, అడవిలో కొంచెం నడవాలి, దారి దాదాపు చదునే. మా నాన్న అనంతపురంలో వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. నేషనల్ పార్కులు వేరు, ఈ నేషనల్ ఫారెస్టులు అమెరికా వ్యవసాయ శాఖ కిందివి అని చెప్పగానే మా డిపార్టుమెంటే అంటూ ఆయన నడకే మారిపోయింది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి పెద్ద కరువులో నీళ్ళు బాగా కిందికి దిగినప్పుడు మొలిచిన చెట్లు ఆ చెరువు అడుగున ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉన్నాయి, పై నుంచి కనబడవులెండి. అది విన్నాక ఆయన గంటసేపు గట్టున కూర్చుని లేవలేదు, ఎదురుగా టాలాక్ కొండ. నీళ్ళు మాత్రం జూలైలో కూడా గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి, పిల్లలు దిగుతారు, పెద్దవాళ్ళు పాదాల వరకే.

సైటు ఎంచుకునేటప్పుడు మ్యాపులో టాయిలెట్‌కి రెండు మూడు సైట్ల దూరంలో తీసుకోండి. మరీ పక్కన అయితే రాత్రంతా తలుపు చప్పుడు, దూరమైతే పెద్దవాళ్ళు టార్చితో చీకట్లో నడవాలి. మేం ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బుక్ చేశాం. ఇప్పుడు జూలై వారాంతాలు దొరకడం కష్టం గానీ, క్యాన్సిల్ అయితే కబురు పంపే అలర్ట్ అందులోనే ఉంది, అది పెట్టుకుని ఆదివారం నుంచి మంగళవారం వరకు ప్రయత్నించండి.