క్లోరిన్ డబ్బా మూత తీసే ముందు

చిరంజీవికి చిన్నాయన ఆశీస్సులు.

కడపలో స్విమ్మింగ్ పూల్ చూసుకునే పనికి ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. పిల్లలు ఈదుతూ ఈదుతూ నాలుగు గుక్కలు మింగే నీళ్లవి. అందుకే పైపైన చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నా.

ముందు ఒక్క మాట. టెస్ట్ చేయకుండా క్లోరిన్ వేయొద్దు. టెస్ట్ చేసేటప్పుడు కూడా మొదట పీహెచ్ (నీళ్లలో పులుపు ఎంత, క్షారం ఎంత అని చెప్పే కొలత) చూడు, తర్వాతే క్లోరిన్. పీహెచ్ 7.2 దగ్గర ఉంటే వేసిన క్లోరిన్‌లో మూడింట రెండు వంతులు క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది. 8 దాటిందంటే పావు వంతు కూడా ఉండదు. డబ్బాలకు డబ్బాలు పోసినా నీళ్లు పచ్చబడుతున్నాయని తలపట్టుకునే వాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలిసిపోకుండా పనికి మిగిలున్న క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1 నుంచి 3 పాళ్ల మధ్య ఉండేలా చూసుకో.

మన వైపు చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మాత్రం పూల్‌లోనే ఉండిపోతుంది. తగ్గినంత మళ్లీ బోరు నీళ్లే పడతాం. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టినట్టు టైల్స్ మీద తెల్లపొర కట్టేది అందుకే. కాల్షియం హార్డ్‌నెస్, అంటే నీళ్లలో సున్నం లెక్క, 400 పీపీఎం దాటితే ఏ మందూ దాన్ని సులువుగా దించదు. కొంత నీళ్లు తీసేసి, సున్నం తక్కువున్న నీళ్లు ట్యాంకర్‌తో తెప్పించి కలపాల్సిందే. ఓనరుకు ఖర్చని అనిపిస్తుంది. టైల్స్ గీకించడం, ఫిల్టర్‌లో గడ్డకట్టిన ఇసుక మార్పించడం అంతకంటే ఖర్చని నువ్వే నెమ్మదిగా చెప్పు.

టెస్ట్ ఎట్లా చేయాలో జాగ్రత్తగా విను. నీళ్లు పైపైన ముంచొద్దు. మోచేయి మునిగేంత లోతులో, ఇన్‌లెట్‌కు (ఫిల్టర్ నుంచి నీళ్లు పూల్‌లోకి వచ్చే చోటికి) దూరంగా పట్టు. టెస్ట్ కిట్‌లోని గొట్టాన్ని ముందు పూల్ నీళ్లతోనే రెండుసార్లు కడుగు. ఊపేటప్పుడు మూత పెట్టు, వేలు అడ్డం పెట్టొద్దు, చేతి చెమటకే రంగు మారుతుంది. గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టుకుని నీడలో చూడు. క్లోరిన్ చూడటానికి కిట్‌లో ఉండే డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు రావాలి. వచ్చినట్టే వచ్చి రంగు పోతే క్లోరిన్ లేదని అర్థం కాదు, రంగునే చంపేసేంత ఎక్కువుందని. అప్పుడు పూల్ నీళ్లకు మంచినీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ చూడు.

ఆదివారం సాయంత్రం ఒకరిద్దరైనా వచ్చి కళ్లు మండుతున్నాయి, క్లోరిన్ ఎక్కువైంది అంటారు. చాలాసార్లు సంగతి వేరే ఉంటుంది. చెమట, తలనూనె, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. ఆ ఘాటు వాసన, ఆ మంట వాటివే. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేయి, మిగిలింది క్లోరమైన్ల లెక్క. అది 0.5 పీపీఎం దాటితే దానికి పది రెట్ల క్లోరిన్ వేసి వాటిని విరగ్గొట్టాలి. ఆ రాత్రి ఎవరినీ దిగనివ్వొద్దు. షవర్ చేయకుండా దిగనివ్వకపోతే ఈ బాధ సగం తగ్గుతుంది, మొహమాటపడకు.

లెక్క సులువే. లక్ష లీటర్లకు 1 పీపీఎం అంటే 100 గ్రాముల క్లోరిన్. 65 శాతం గ్రాన్యూల్స్ (కాల్షియం హైపోక్లోరైట్ పలుకులు) అయితే సుమారు 155 గ్రాములు. పొద్దుగూకాకే మందు వెయ్. మన ఎండకు పగలు వేసింది గంటల్లోనే ఎగిరిపోతుంది. ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడే సయనూరిక్ ఆసిడ్ 30 నుంచి 50 పీపీఎం ఉంటే కాస్త నిలుస్తుంది. టీసీసీఏ బిళ్లలు (మెల్లగా కరిగే ఇంకో రకం క్లోరిన్) వాడితే ఆ సయనూరిక్ ఆసిడ్ దానంతటదే పెరుగుతూ పోతుంది, మరీ పెరిగితే క్లోరిన్ మందగిస్తుంది. అందుకే ఏడాది పొడవునా బిళ్లల మీదే ఆధారపడటం నాకు నచ్చదు.

ఇక ప్రాణం మీదకు తెచ్చే సంగతులు. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాతే మందు. మందు మీద నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. పీహెచ్ దించడానికి వేసే ఆసిడ్, క్లోరిన్ పక్కపక్కన పెట్టొద్దు, కలిస్తే విషవాయువు. గ్రాన్యూల్స్ తీసిన మగ్గుతో టీసీసీఏ ముట్టుకోవద్దు, మంట లేస్తుంది, పేలుతుంది కూడా. రెంటికీ మగ్గులు వేరే, గదులు వేరే అయితే ఇంకా మంచిది. ఆసిడ్ వేసేటప్పుడు పంపు నడుస్తుండాలి, గాలి నీ వీపు వైపు నుంచి రావాలి, కళ్లద్దాలు, గ్లౌజులు ఉండాలి. గట్టుకు మన కడప నాపరాయి పరిచి ఉంటే చుక్క పడినా నురగలొచ్చి మచ్చ మిగులుతుంది. వెంటనే నీళ్లు కొట్టు. మోతాదు అంతా ఒకేసారి వద్దు, సగం వేసి రెండు గంటలాగి మళ్లీ టెస్ట్ చెయ్.

అడుగున ఉన్న జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనిపించకపోతే ఆ పూట గేటుకు తాళం వెయ్. ఎవరు గొడవపడినా తియ్యొద్దు. మునిగిన పిల్లాడు కనిపించడు.

షెడ్డులో ఉన్న పాత టెస్ట్ కిట్ డేటు చూడు. రేకుల కింద వేడికి ఆ మందులు పాడైపోతాయి. అయిపోయుంటే ఈ ఆదివారం లోపలే కొత్తది తెప్పించి నీడలో పెట్టుకో. మొదటి వారం రీడింగులు రాసి నాకు ఫోటో పంపు, చూసి చెప్తా.

మీ చిన్నాయన