ఎలైట్ మారథాన్‌కి అర్హత టైమ్ ఎంత బిగించాలి?

ఒలింపిక్స్ మారథాన్‌కి పెట్టే అర్హత టైములు మరీ కఠినమైపోయాయా, ఎంత ఉంటే న్యాయం అన్నది మీ ప్రశ్న. నా లెక్కలో, ఉన్న చోట్లలో సగం నిండేంతవరకే టైమ్ బిగించాలి. మిగతా సగం ప్రపంచ ర్యాంకింగ్‌కి వదిలేయాలి.

పురుషులకు 2016 రియోలో 2:19:00 (గంటలు, నిమిషాలు, సెకన్లు). టోక్యోకి 2:11:30. పారిస్‌కి 2:08:10. కిలోమీటరుకి చూస్తే 3:18, 3:07, 3:02 నిమిషాలు. ఇక 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి 2:06:30, అంటే దాదాపు సరిగ్గా కిలోమీటరుకి 3 నిమిషాలు. ఇందులో కొంత అడుగున కార్బన్ ప్లేటుతో వేగం పెంచే బూట్ల మహిమ కూడా ఉంది కాబట్టి తేడా అంతా కఠినత్వమే అనుకోకండి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. టైమ్ కోసం అందరూ చల్లటి వాతావరణంలో, చదును రోడ్డు మీద, 30వ కిలోమీటరు దాకా పేసర్లు (ముందుండి వేగం నిలిపే రన్నర్లు) లాక్కెళ్లే రేసులే వెతుక్కుంటారు. తీరా పారిస్ ఒలింపిక్ కోర్సులో ఎక్కుడే మొత్తం 436 మీటర్లు, పేసర్లు లేరు. ఎంపిక పరీక్ష ఒకటి, అసలు పరుగు ఇంకొకటి. 2 గంటల 10 నిమిషాల సత్తా ఉన్నవాళ్ల వేగం కిలోమీటరుకి 3:05. అర్హత కోసం 3:02తో మొదలుపెడితే సగం దూరం హాయిగానే ఉంటుంది, 32వ కిలోమీటరు దాటాక కాళ్లు కట్టేసినట్టవుతాయి, చివరి పది కిలోమీటర్లలో మూడు నాలుగు నిమిషాలు పోతాయి. మళ్లీ గట్టి ప్రయత్నానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఏడాదిన్నర అర్హత గడువులో అలాంటివి మూడో నాలుగో, అంతే.

ర్యాంకింగ్‌లో రెండు పరుగుల సగటు తీస్తారు. టైముతో పాటు స్థానానికీ పాయింట్లుంటాయి, అందుకే ఎండలో ఛాంపియన్‌షిప్ పరిగెత్తినవాళ్లు నష్టపోరు.

మరీ వదులైతే? 2020 అమెరికా ట్రయల్స్‌కి (ఒలింపిక్ జట్టును ఎంచే పరుగు) మహిళల టైమ్ 2:45:00 పెడితే 500 మందికి పైగా అర్హత పొందారు. దారిలో రన్నర్ల సొంత డ్రింకు సీసాలు పెట్టే టేబుళ్ల దగ్గర అంతమందిని సర్దడం మాటలా! 2024కి 2:37:00 చేశారు. ఒకేసారి 8 నిమిషాలు తగ్గించడం నాకు మొరటుగా అనిపిస్తుంది, రెండు మెట్లలో దిగాల్సింది.

టైమ్ పెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. గత సీజన్ జాబితా తీసుకుని దేశానికి ముగ్గురినే ఉంచి మిగతావాళ్లను కొట్టేయాలి. 80 మంది కోటా అయితే 40వ పేరు దగ్గర ఏ టైమ్ ఉందో దాన్ని 10 సెకన్లకి సర్ది ప్రకటించాలి. దేశానికి ముగ్గురన్న వడపోత మరచిపోతే, కెన్యా, ఇథియోపియా టైములతో జాబితా నిండి, ప్రమాణం అనవసరంగా బిగుసుకుంటుంది.

కోర్సు మీద మాత్రం పట్టు సడలించకూడదు. మొదలుకీ ముగింపుకీ మధ్య దిగుడు కిలోమీటరుకి 1 మీటరు, అంటే మొత్తం 42 మీటర్లు దాటితే ఆ టైమ్ లెక్కలోకి రాకూడదు. మామూలు రన్నర్ల విషయంలో బోస్టన్ మారథాన్ కూడా 2027 నుంచి ఇదే దారి పట్టింది: 1,500 అడుగులకు మించి దిగే కోర్సు టైముకి 5 నిమిషాలు, 3,000 దాటితే 10 నిమిషాలు కలుపుతారు, 6,000 దాటితే అసలు తీసుకోరు.

ఇంకొకటి, గడువు మొదలయ్యాక టైమ్ మార్చకూడదు. రియోకి ముందు 2:17:00 అని ప్రకటించి, మధ్యలో 2:19:00కి వదులు చేశారు. 2:18 పరిగెత్తి, అర్హత పోయిందనుకుని ఆ సీజన్‌ని ట్రాక్ పరుగులకి మళ్లించుకున్నవాళ్లుంటే, వాళ్లకి ఆ సడలింపు వల్ల ఒరిగేది తక్కువ.