కంప్యూటర్ ఆన్ చేయగానే క్లౌడ్ డ్రైవ్ సిద్ధంగా ఉండాలంటే: పాఠకుల సందేహాలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. క్లౌడ్‌లోని ఫైళ్లు ఇంట్లో కంప్యూటర్ తెరవగానే మామూలు డ్రైవ్‌లా కనిపించాలి, ప్రతిసారీ చేత్తో కలపాల్సిన అవసరం ఉండకూడదు. ఇలా క్లౌడ్‌ను డ్రైవ్‌గా కలపడాన్ని 'మౌంట్' చేయడం అంటారు, ఆ పని చేసే ప్రోగ్రామ్‌ల్లో ఆర్‌క్లోన్ ఒకటి. ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, మేం ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాల్లోనే కొట్టండి.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆర్‌క్లోన్‌తో గూగుల్ డ్రైవ్‌ను ఎక్స్ డ్రైవ్‌గా మౌంట్ చేస్తున్నాను. కమాండ్ ప్రాంప్ట్‌లో చేత్తో ఇస్తే చక్కగా వస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో (పనులను వాటంతట అవే మొదలయ్యేలా చేసే విండోస్ ప్రోగ్రామ్) పెడితే మాత్రం టాస్క్ నడుస్తున్నట్టు చూపిస్తుంది, దిస్ పీసీలో డ్రైవ్ కనిపించదు. ఒక్కోసారి కనిపించినా పని మధ్యలో మాయమవుతోంది.
– తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు డ్రైవ్ కనిపించకపోవడం సంగతి చూద్దాం. విండోస్‌లో ఇలా మౌంట్ చేసిన డ్రైవ్ అక్షరం మామూలుగా కంప్యూటర్ మొత్తానికి చెందదు, ఏ లాగిన్ కింద మౌంట్ అయిందో ఆ లాగిన్‌కే చెందుతుంది. టాస్క్‌లో 'రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్' టిక్ పెట్టి ఉంటే అది అడ్మినిస్ట్రేటర్ హోదాలో మౌంట్ అవుతుంది. మీరు తెరిచే ఎక్స్‌ప్లోరర్ మామూలు హోదాలో నడుస్తుంది కాబట్టి దానికి ఆ డ్రైవ్ కనిపించదు. 'రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్' ఎంచుకున్నా ఇదే తంతు. మీ ఒక్కరి వాడకానికైతే జనరల్ ట్యాబ్‌లో 'రన్ ఓన్లీ వెన్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్' ఎంచుకుని, హయ్యెస్ట్ ప్రివిలేజెస్ టిక్ తీసేయండి. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఖాతాలతో వాడుతూ అందరికీ డ్రైవ్ కనిపించాలంటే టాస్క్‌ను సిస్టమ్ ఖాతా కింద నడపాలి. అయితే ఆర్‌క్లోన్ తన సెట్టింగులను మీ యూజర్ ప్రొఫైల్‌లోని ఫైల్‌లో దాచుకుంటుంది, సిస్టమ్ ఖాతా వెతికేది తన ప్రొఫైల్‌లో. అందుకని ఆదేశంలో రెండు గీతలు పెట్టి కాన్ఫిగ్ అని రాసి, ఆ ఫైల్ పూర్తి దారి ఇవ్వాలి. 'ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ ఫైల్' అని కొడితే ఆ దారి ఏమిటో అదే చెబుతుంది.

ఇక మధ్యలో మాయమవడం. టాస్క్ షెడ్యూలర్ ముందే పెట్టి ఉంచే టిక్‌లు కొన్ని మౌంట్‌కు పనికిరావు. కండిషన్స్ ట్యాబ్‌లో కంప్యూటర్ ఏసీ కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు, బ్యాటరీకి మారితే ఆపేయి అనే రెండు టిక్‌లు ఉంటాయి. ల్యాప్‌టాప్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లో లేకపోతే, కరెంటు పోయిన క్షణంలోనే విండోస్ టాస్క్‌ను ఆపేస్తుంది, దాంతో డ్రైవ్ కూడా పోతుంది. యూఎస్‌బీ తీగతో కలిపిన యూపీఎస్ ఉన్న డెస్క్‌టాప్‌లోనూ ఇది జరగవచ్చు. రెండు టిక్‌లూ తీసేయండి. సెట్టింగ్స్ ట్యాబ్‌లో మూడు రోజులకు మించి నడిస్తే ఆపేయమనే టిక్ కూడా ఉంటుంది. రోజూ షట్‌డౌన్ చేయకుండా మూత మూసి నిద్రపుచ్చే ల్యాప్‌టాప్‌ల్లో డ్రైవ్ 'ఊరికే' పోతోందంటే ముందు దీన్నే అనుమానించాలి. అదీ తీసేయండి.

ట్రిగ్గర్‌గా 'ఎట్ లాగ్ ఆన్' పెట్టి, 30 సెకన్ల ఆలస్యం ఇవ్వండి. వైఫై అందుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. అదే పెట్టెలో ప్రతి 5 నిమిషాలకు ఒకసారి టాస్క్‌ను మళ్లీ పిలవమని, గడువు లేకుండా పెట్టండి. సెట్టింగ్స్‌లో ఇప్పటికే నడుస్తుంటే కొత్తది మొదలుపెట్టవద్దన్న ఎంపిక ఉండాలి, మామూలుగా అదే ఉంటుంది. నడుస్తున్న మౌంట్‌కు దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆగిపోయిన మౌంట్ మాత్రం ఐదు నిమిషాల్లో తిరిగి లేస్తుంది.

ఆదేశం సంగతి. విన్‌ఎఫ్‌ఎస్‌పీ (విండోస్‌లో ఇలాంటి డ్రైవ్‌లు కలపనిచ్చే ప్రోగ్రామ్) మీ దగ్గర ఎలాగూ ఉండి ఉంటుంది, అది లేనిదే విండోస్‌లో ఆర్‌క్లోన్ మౌంట్ చేయలేదు. ప్రోగ్రామ్ గడిలో ఆర్‌క్లోన్ ఎక్కడ ఉందో ఆ పూర్తి దారి ఇవ్వండి. ఆర్గ్యుమెంట్స్ గడిలో మౌంట్, ఖాళీ, రిమోట్ పేరు (ఆర్‌క్లోన్‌లో మీ క్లౌడ్ ఖాతాకు మీరు పెట్టుకున్న పేరు), దాని వెంటనే కోలన్, ఖాళీ, ఎక్స్, కోలన్. ఆ తర్వాత, ఒక్కొక్కటి రెండు గీతలతో: వీఎఫ్‌ఎస్-క్యాష్-మోడ్ ఫుల్, వీఎఫ్‌ఎస్-క్యాష్-మ్యాక్స్-సైజ్ 20జీ (ఈ జీ మాత్రం పెద్ద అక్షరం), క్యాష్-డిర్ అని డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, నెట్‌వర్క్-మోడ్, లాగ్-ఫైల్ అని లాగ్ ఫైల్ దారి, చివర నో-కన్సోల్. చివరిది నల్ల కిటికీని దాచడానికి. ఎక్స్ అక్షరం ఎంచుకోవడం మంచి పనే. పెన్‌డ్రైవ్‌లు, కార్డ్ రీడర్లు ఖాళీగా ఉన్న మొదటి అక్షరాలను తీసుకుంటాయి కాబట్టి చివరి అక్షరాలతో పేచీ రాదు.

క్యాష్ అంటే క్లౌడ్ ఫైళ్లను మీ డిస్క్‌లో తాత్కాలికంగా దాచే చోటు. దాని పరిమితి మీరు చెప్పకపోతే ఆర్‌క్లోన్‌కు పరిమితే ఉండదు. పెళ్లి ఆల్బమ్ ఒకటి తెరిచి రా ఫైళ్లన్నీ తిప్పి చూస్తే సీ డ్రైవ్ నిండిపోవడం ఖాయం. 20జీ అని చెప్పినా అది కచ్చితమైన గీత కాదు. తెరిచి ఉన్న ఫైళ్లను, ఇంకా అప్‌లోడ్ కాని ఫైళ్లను ఆర్‌క్లోన్ క్యాష్ నుంచి తొలగించదు, కాబట్టి డీ డ్రైవ్‌లో అంతకు మించిన చోటు ఉంచండి.

స్టూడియో వాళ్లు తప్పక గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ఎక్స్ డ్రైవ్‌లోకి 2 జీబీ కాపీ చేస్తే అది ముందు మీ డిస్క్‌లోని క్యాష్‌లోకే వెళ్తుంది, కాపీ క్షణాల్లో అయిపోయినట్టు కనిపిస్తుంది. ఫైల్ మూసిన 5 సెకన్లకు అసలు అప్‌లోడ్ మొదలవుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న కనెక్షన్‌లో దానికి దాదాపు 27 నిమిషాలు పడుతుంది. ఈలోగా షట్‌డౌన్ చేస్తే ఫైలు పోదు. మళ్లీ అవే సెట్టింగులతో మౌంట్ అయినప్పుడు ఎక్కని ఫైలు ఎక్కుతుంది. కానీ అప్పటిదాకా అది క్లౌడ్‌లో లేదు, కస్టమర్‌కు లింకు పంపితే వాళ్లకు ఏమీ కనిపించదు. అప్‌లోడ్ పూర్తి కాకుండా కెమెరా కార్డు మాత్రం ఫార్మాట్ చేయకండి.

ప్రశ్న: ఉబుంటులో క్రాన్‌టాబ్‌లో (పనులను వాటంతట అవే నడిపే క్రాన్ ప్రోగ్రామ్ జాబితా) రీబూట్ వరుస రాసి ఆర్‌క్లోన్ మౌంట్ పెట్టాను. ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. రాని రోజున బ్యాకప్ స్క్రిప్టు ఆ ఫోల్డర్‌లోనే రాసేసి హార్డ్‌డిస్క్ నింపేసింది.
– కరీంనగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: క్రాన్ నెట్‌వర్క్ కోసం ఆగదు. రూటర్ త్వరగా స్పందించిన రోజు మౌంట్ అవుతుంది, లేని రోజు విఫలమై ఊరుకుంటుంది. ఈ పని సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి, ఆగితే తిరిగి లేపే వ్యవస్థ) యూజర్ సర్వీస్‌కు అప్పగించండి. హోమ్ ఫోల్డర్‌లో చుక్క-కాన్ఫిగ్, అందులో సిస్టమ్‌డీ, అందులో యూజర్ ఫోల్డర్. అక్కడ డాట్ సర్వీస్ అనే తోకతో ఒక ఫైల్ తయారుచేయండి. సర్వీస్ విభాగంలో ఐదు వరుసలు చాలు: టైప్ విలువ నోటిఫై, ఎగ్జెక్‌స్టార్ట్‌లో పూర్తి దారితో మౌంట్ ఆదేశం, ఎగ్జెక్‌స్టాప్‌లో ఫ్యూజర్‌మౌంట్, గీత యూ, ఫోల్డర్ దారి, రీస్టార్ట్ విలువ ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్ విలువ 15. ఇన్‌స్టాల్ విభాగంలో వాంటెడ్‌బై, డిఫాల్ట్ డాట్ టార్గెట్. వరుసల పేర్లలో పెద్ద అక్షరాలు ముఖ్యం: ఎగ్జెక్‌స్టార్ట్‌లో ఈ, ఎస్, రీస్టార్ట్‌సెక్‌లో ఆర్, ఎస్, వాంటెడ్‌బైలో డబ్ల్యూ, బీ, ఇలాగే తక్కినవి.

ఆ 15 వదిలేస్తేనే చాలామంది దెబ్బ తింటారు. విలువ ఇవ్వకపోతే సిస్టమ్‌డీ సెకనులో పదో వంతు వ్యవధితో మళ్లీ ప్రయత్నిస్తుంది. వైఫై ఇంకా రాకముందే ఐదు ప్రయత్నాలూ అయిపోతాయి, పది సెకన్లలో ఐదుసార్లు మొదలైతే ఇక చాలని వదిలేస్తుంది. 15 సెకన్ల వ్యవధి ఉంటే ఆ పరిమితి ఎప్పటికీ తగలదు, నెట్ ఎప్పుడొస్తే అప్పుడు మౌంట్ అవుతుంది. నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ వచ్చాక మొదలుపెట్టమని రాయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ టార్గెట్ సిస్టమ్ సర్వీసులకే అందుతుంది, యూజర్ సర్వీసుకు పనిచేయదు.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ ఆదేశం, రెండు గీతలు యూజర్, డీమన్-రీలోడ్. అలాగే ఎనేబుల్, రెండు గీతలు నౌ, సర్వీస్ పేరు. లాగిన్ కాకుండానే మౌంట్ కావాలంటే లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ ఒకసారి ఇవ్వాలి. 'ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్' అని వస్తే ఆర్‌క్లోన్ చనిపోయినా దాని మౌంట్ అలాగే వేలాడుతోందని అర్థం. ఫ్యూజర్‌మౌంట్, గీత యూజెడ్, ఫోల్డర్ దారి ఇచ్చి దాన్ని విడదీసి, సర్వీస్‌ను మళ్లీ మొదలుపెట్టండి.

బ్యాకప్ స్క్రిప్టు విషయం ఇంతకన్నా ముఖ్యం. మౌంట్ లేనప్పుడు ఆ ఫోల్డర్ మీ డిస్క్‌లోని మామూలు ఖాళీ ఫోల్డరే, ఏ ప్రోగ్రామైనా అందులో రాసుకుపోతుంది. అలా ఫైళ్లు పడి ఖాళీగా లేని ఫోల్డర్ మీద ఆర్‌క్లోన్ మామూలుగా మౌంట్ కాదు. రెండు గీతలతో అలో-నాన్-ఎంప్టీ ఇచ్చి మౌంట్ చేస్తే ఆ ఫైళ్లు దాని చాటున దాగిపోతాయి. డిస్క్ నిండింది అంటుంది, ఫైళ్లెక్కడా కనిపించవు. సర్వీస్ ఆపి, ఫోల్డర్‌లోకి చూసి, వాటిని వేరే చోటికి తరలించండి. స్క్రిప్టు మొదటి వరుసలో మౌంట్‌పాయింట్ ఆదేశాన్ని గీత క్యూతో, ఫోల్డర్ దారితో పెట్టి, అది విఫలమైతే స్క్రిప్టు అక్కడే ఆగేలా రాయండి. నిజానికి బ్యాకప్‌కు మౌంటే అక్కర్లేదు. ఆర్‌క్లోన్ కాపీ ఆదేశం నేరుగా క్లౌడ్‌కు పంపుతుంది, నెట్ లేకపోతే తప్పు చూపించి ఆగిపోతుంది, డిస్క్ నింపదు. మా సలహా అదే.

ప్రశ్న: అన్నీ సరిగ్గా పెట్టినా వారానికోసారి గూగుల్ అనుమతి పోతోంది, మళ్లీ బ్రౌజర్‌లో లాగిన్ అడుగుతోంది. సొంత క్లయింట్ ఐడీ (ఆర్‌క్లోన్ కోసం గూగుల్ దగ్గర తీసుకునే గుర్తింపు) తీసుకున్నాను.
– విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ గూగుల్ క్లౌడ్ ప్రాజెక్ట్ ఇంకా 'టెస్టింగ్' స్థితిలో ఉంది. ఆ స్థితిలో ఇచ్చే అనుమతి ఏడు రోజులకే చెల్లిపోతుంది. కన్సోల్‌లో ఓఆథ్ సమ్మతి పేజీకి వెళ్లి యాప్‌ను పబ్లిష్ చేసి 'ఇన్ ప్రొడక్షన్' స్థితికి మార్చండి. ఆ తర్వాత ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ రీకనెక్ట్, రిమోట్ పేరు, కోలన్ ఇచ్చి అనుమతి మరోసారి తీసుకోండి, పాతది ఏడో రోజు వరకే. అప్పుడు యాప్ ధ్రువీకరించలేదనే హెచ్చరిక పేజీ రావచ్చు. అది మీ సొంత యాప్ కాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లవచ్చు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. గుంటూరులో అమ్మానాన్నల విండోస్ కంప్యూటర్ ఆన్ చేయగానే మేం పంపే పిల్లల ఫొటోలు కనిపించాలి. వాళ్లకు ఆదేశాలు తెలియవు.

జవాబు: ఆర్‌క్లోన్ వద్దు. ఏదైనా ఆగిపోతే అక్కడ లాగ్ చూసేవాళ్లు ఉండరు. గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ పెట్టించి, సెట్టింగుల్లో లాగిన్ అవగానే ప్రారంభం కావాలన్న టిక్ ఉందో లేదో చూడండి. మీ ఫొటోల ఫోల్డర్‌ను నాన్నగారి ఖాతాతో పంచుకునేటప్పుడు 'వ్యూయర్' హక్కు మాత్రమే ఇవ్వండి. పొరపాటున డిలీట్ నొక్కినా మీ ఫొటోలకు ఏమీ కాదు. వాళ్ల ఖాతాలో ఆ ఫోల్డర్‌కు 'మై డ్రైవ్'లో షార్ట్‌కట్ పెడితేనే కంప్యూటర్ డ్రైవ్‌లో కనిపిస్తుంది. స్ట్రీమ్ విధానం (ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉండి, తెరిచినప్పుడు దిగే పద్ధతి) ఉంచి, ఆ ఫోల్డర్‌ను మాత్రం ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచమని ఎంచుకోండి. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున కూడా ఫొటోలు వెంటనే తెరుచుకుంటాయి. మొదటిసారి దిగుమతి మొబైల్ హాట్‌స్పాట్ మీద చేయించకండి, రోజు డేటా అంతా అందులోనే పోతుంది.

ప్రశ్న: లినక్స్‌లో పొడుగాటి తెలుగు పేర్లున్న ఫైళ్లు మౌంట్‌లో కనిపిస్తాయి కానీ తెరుచుకోవు. ఇంగ్లిష్ పేర్లతో ఇబ్బంది లేదు.
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పేరు పొడవే కారణం. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 డిస్క్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు మూడు. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' కంటికి ఒక అక్షరమే, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే పేరుకు దక్కేది దాదాపు 85 గుర్తులు. క్లౌడ్‌లో ఆ పేరుకు అభ్యంతరం లేదు, కానీ తెరిచేటప్పుడు అదే పేరుతో మీ డిస్క్‌లోని క్యాష్‌లో ఫైలు సృష్టించాలి, అక్కడ ఆగిపోతుంది. ఆర్‌క్లోన్ క్రిప్ట్‌తో పేర్లను కూడా గుప్తపరిస్తే పరిమితి సుమారు 143 బైట్లకు దిగుతుంది, అంటే 47 తెలుగు గుర్తులు. ఆ ఫైళ్ల పేర్లను బ్రౌజర్‌లో గూగుల్ డ్రైవ్ తెరిచి కుదించండి. తేదీని అంకెల్లో ముందు పెట్టి, ఆ తర్వాత రెండు మూడు తెలుగు మాటలు రాసుకుంటే ఎప్పుడూ పరిమితిలోనే ఉంటాయి.