వెన్నులోంచి నీరు తీసే పరీక్షకు ఒప్పుకోవచ్చా?

మీ తమ్ముడికి వారానికి పైగా జ్వరం, తలనొప్పి ఉన్నాయని, నిన్నటి నుంచి మనుషులను గుర్తుపట్టడంలో తడబడుతున్నాడని, మెదడుకు ఇన్ఫెక్షన్ సోకిందేమో తేల్చడానికి డాక్టర్లు వెన్నులోంచి నీరు తీస్తామంటే, కాళ్లు పడిపోతాయని బంధువులు వద్దంటున్నారని రాశారు. డాక్టర్లు చేద్దామన్న తరువాత ఆ పరీక్షను ఆపకండి. మా అక్కకు టీబీ మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకు సోకే టీబీ) వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఆమె వెంట ఉన్నది నేనే.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద, మూడు నాలుగు పూసల మధ్య గాని, నాలుగు ఐదు పూసల మధ్య గాని. అక్కడ నీటిలో తేలుతూ ఉండే నరాల పోగులు మాత్రమే ఉంటాయి కనుక కాళ్లు పడిపోవడమన్నది చాలా అరుదు. అక్కను ఒక పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు, గడ్డం ఛాతీకి ఆనేలా ముడుచుకొని పడుకోమన్నారు. డాక్టరు తుంటి ఎముక పైఅంచు మీద వేళ్లు ఆనించి చోటు గుర్తుపట్టి, ముందు మత్తు సూది వేశారు. అది చురుక్కుమన్నప్పుడు నా చేయి గట్టిగా పట్టుకుంది గాని, ఆ తరువాత నీరు బొట్లు బొట్లుగా చిన్న సీసాల్లోకి దిగుతున్నంతసేపూ కదలకుండా ఉంది. ఒంట్లో ఈ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతుంది. కాబట్టి పరీక్షకు తీసిన కాస్త నీరు కొద్ది గంటల్లోనే మళ్లీ చేరుతుంది.

ఈ పరీక్ష కోసం ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పైకి ఒకేలా కనిపించే జ్వరానికి, తలనొప్పికి కారణమైన క్రిమి ఏదన్న దాన్నిబట్టి వైద్యమే మారిపోతుంది. హెర్పిస్ వైరస్ అయితే ఎసైక్లోవిర్‌ను నరం ద్వారా 14 నుంచి 21 రోజులు ఇస్తారు. ఆ మందు లేని కాలంలో ఈ వైరస్ మెదడుకు సోకినవారిలో దాదాపు 70 శాతం మంది చనిపోయేవారు. టీబీ అయితే మందులు 9 నుంచి 12 నెలలు వాడాలి. మా అక్కకు మొదటి స్కానింగులో చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. నీటిలో చక్కెర తగ్గి, ప్రోటీను, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరిగాయని తెలిశాకే డాక్టర్లకు టీబీ అనుమానం బలపడింది. ఆ నీటిలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఫలితానికి వారాలు పడుతుంది కాబట్టి, దాని కోసం ఆగకుండా అప్పుడే మందులు మొదలుపెట్టారు.

తలలో ఒత్తిడి బాగా పెరిగిందని అనుమానం ఉన్నా, ప్లేట్‌లెట్లు మరీ తక్కువగా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా పరీక్షను వాయిదా వేసి, అవసరమైతే ముందు సీటీ స్కాన్ తీస్తారు. అలాంటి మందులేమైనా వాడుతుంటే మీరే చెప్పండి. అయితే పరీక్ష ఆలస్యమైనా మందు ఆలస్యం కాకూడదు. రక్తం నమూనా తీసుకొని యాంటీబయోటిక్, ఎసైక్లోవిర్ ఇప్పుడే మొదలుపెడుతున్నారా అని తప్పకుండా అడగండి. మనుషులను గుర్తుపట్టలేకపోవడం ఎప్పుడు మొదలైందో, ప్రవర్తనలో ఇంకేం మార్పు వచ్చిందో కూడా వివరంగా చెప్పండి. హెర్పిస్ ఎక్కువగా దెబ్బతీసేది జ్ఞాపకానికి, మాటకు సంబంధించిన కణత వైపు భాగాన్నే కాబట్టి ఆ వివరాలు వారికి చాలా ముఖ్యం.

పరీక్ష తరువాత కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికి వస్తుంది. అక్కకూ వచ్చి కొన్నాళ్లకు దానంతటదే పోయింది. టీబీ అని తేలితే మందులతో పాటు స్టెరాయిడ్లు కూడా ఇస్తారు, కంగారుపడకండి. వాటి వల్ల మరణాలు తగ్గుతాయని 2004లో వెలువడిన వియత్నాం అధ్యయనం చూపింది. జ్వరం తగ్గాక కూడా వాంతులు ఎక్కువైనా, మత్తుగా పడి ఉన్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, ఫిట్స్ వచ్చినా అర్ధరాత్రి అయినా సరే నర్సును పిలవండి. మెదడులో నీరు చేరడం వల్ల కూడా అలా జరగవచ్చు, అప్పుడు వెంటనే మళ్లీ స్కాన్ తీయవలసి ఉంటుంది.