చెప్పుకోదగ్గ కష్టం లేకపోయినా థెరపిస్టు దగ్గరికి వెళ్లవచ్చా?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు ఉన్నాయి. చిన్న మాటకే కన్నీళ్లూ కోపమూ వస్తున్నాయి గానీ చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదు, అలాంటప్పుడు థెరపిస్టు ముందు కూర్చుని ఏం చెప్పాలి? అదేదో అక్కచెల్లెళ్లతోనో స్నేహితులతోనో చెప్పుకుంటే సరిపోదా? నలుగురికీ తెలిస్తే ఎలా? నేను కాకినాడలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇవే సందేహాలతో చాలా రోజులు తటపటాయించి చివరికి వెళ్లినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

రెండో సందేహంతో మొదలుపెడతాను. నాకు థెరపీ విలువ తెలిసింది అక్కడే.

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడితే చివరిదాకా నేనే చూసుకున్నాను. వీపు మీద పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్లు కూడా. ఆమె పోయాక చుట్టాలంతా "తల్లి రుణం తీర్చుకున్నావమ్మా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. కారణం ఎవరికీ చెప్పలేని పరిస్థితి. అమ్మ ఇక లేదని డాక్టరు చెప్పినప్పుడు నాకు ముందుగా కలిగింది ఊరట. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. ఈ మాట మా అక్కతో ఎలా అనను? ఆమెకూ అమ్మే కదా. మా ఆయనతో అంటే "నువ్వెంత చాకిరీ చేశావో నాకు తెలియదా" అని వెంటనే ఓదారుస్తారు, మాట అక్కడితో తెగిపోతుంది. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల ముఖం చూసుకుంటూ మాట్లాడతాం. నొచ్చుకుంటారేమో, రేపు ఏదో గొడవలో ఇదే మాట ఎత్తుతారేమో అని సగం మింగేస్తాం. థెరపిస్టు దగ్గర నేను ఆ మాట అన్నప్పుడు ఆవిడ కంగారుపడలేదు, సర్దిచెప్పనూ లేదు. "ఆ ఊరట ఎంతసేపు ఉంది?" అని మాత్రం అడిగారు. జవాబు చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అమ్మ పోయాక మనసారా ఏడ్చింది ఆ రోజే. స్నేహితులు అక్కర్లేదని నేననను, వాళ్లు లేకపోతే ఆ రోజులు గడిచేవి కావు. కానీ కొన్ని మాటలు మనల్ని ప్రేమించేవాళ్లతో అనలేం.

ఇక ఏం చెప్పాలన్న దిగులు. ఏదీ సిద్ధం చేసుకుని వెళ్లనవసరం లేదు, అడగడం వాళ్ల పని. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏవైనా మందులు వాడుతున్నారా, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా, ఇలా సాగుతుంది మొదటిరోజు. ఆ చివరి ప్రశ్నకు ఉలిక్కిపడకండి, అది మామూలుగా అడిగేదే. నన్ను థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నారు కూడా. ఆ గ్రంథి సరిగా పనిచేయకపోయినా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయట.

నిద్ర పట్టడం లేదని నేనంటే, ఏ వేళకు మెలకువ వస్తోందని అడిగి కాగితం మీద రాశారు. పన్నెండు, రెండు, నాలుగు. కాగితం నావైపు తిప్పి "అమ్మగారిని ఏ వేళల్లో తిప్పేవారు?" అన్నారు. సరిగ్గా అవే. అమ్మ మంచం తీసేసి నెలలు గడిచినా నా ఒళ్లు ఇంకా ఆ పనికి లేస్తూనే ఉంది. ఇంత తేటగా ఉన్న సంగతి నాకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ తట్టలేదు. మీకు కూడా అలాంటిదే ఉందని నేను చెప్పలేను. కానీ కష్టం చెప్పుకోదగ్గదా కాదా అని ముందే మీరొక్కరే కూర్చుని తేల్చేయకండి.

ఆవిడ అనుసరించింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే మన ఆలోచనలనూ ప్రవర్తననూ గమనించి మార్చుకునే పద్ధతి. ఇంటికి రాతపని ఇస్తారు. ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాట ఏమిటి, బాధ వందకు ఎంత, ఆ మాటకు రుజువేమిటి, అది తప్పనడానికి రుజువేమిటి అని గళ్లు గీసుకుని రాయాలి. మా అబ్బాయి పిలిస్తే పలకలేదని గట్టిగా అరిచిన రోజు నా మనసులో మెదిలిన మాట "మళ్లీ అంతా నా నెత్తినే". చివరి గడి నింపబోతే, ఆ పూట వంట మా ఆయన చేశారన్న సంగతి గుర్తొచ్చింది. ఈ పని నెమ్మదిగా సాగుతుంది. కొన్ని వారాలు వెళ్లినప్పటికన్నా బరువుగా తిరిగొచ్చాను. అలా అయితే ఆ మాటా వాళ్లకే చెప్పాలి.

అందరూ ఇలా ఉంటారనుకోవద్దు. ఆవిడకన్నా ముందు ఒక కౌన్సెలర్‌ను కలిస్తే, గంటలో ముప్పావు వంతు ఆయనే మాట్లాడారు. పిల్లల ముఖం చూసి ధైర్యం తెచ్చుకోమన్నారు, యోగా చేయమన్నారు. అలాంటిచోట ఆగిపోకుండా మనిషిని మార్చండి. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, వారికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడంలో మొహమాటం వద్దు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవారందరి శిక్షణా ఒకటి కాదు. సైకాలజిస్టు మిమ్మల్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే బెదిరిపోకండి. దిగులుకిచ్చే మందులు వాడినా గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా సొంతంగా మానేయకూడదు.

గోప్యత సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు బయటపెట్టకూడదు. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవేమిటో మొదటిరోజే అడిగి తెలుసుకోండి. నాకైతే చట్టం కన్నా ఇల్లే పెద్ద చిక్కు. మొదట విశాఖ వెళ్లాను, తర్వాత వీడియోలో మాట్లాడాను. అత్తమామలతో ఉండే ఇంట్లో తలుపు వేసుకుని ఏడవడం కుదరదు కదా. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. ముందే అలాంటి చోటొకటి చూసుకోండి.

ఫీజు ఎంతో ముందే అడగండి, తగ్గించి తీసుకునేవాళ్లూ ఉన్నారు. అది భారమనిపిస్తే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఏమాత్రం వస్తున్నా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, వెంటనే ఆ నంబరుకు చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

అపాయింట్‌మెంటు కోసం ఫోను చేసినప్పుడు నోరు పెగలకపోతే, మీరు ఇక్కడ రాసిందే చదివి వినిపించండి: "చిన్న మాటకే ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది, ఎందుకో తెలియడం లేదు." వాళ్లు అడగాల్సినవి అడగడానికి అది చాలు.