మందు కొట్టాల్సింది చేలో కాదు, పీకాల్సింది గెనెం మీద

ప్రశ్న: సార్, నాలుగు ఎకరాల్లో కె-6 రకం శనక్కాయ వేసి 35 రోజులైంది. రోడ్డు వైపు సాళ్లలో మొక్కలు పైనుంచి నల్లబడి చచ్చిపోతున్నాయి. కాండం కుళ్లు అని చెప్పి మందుల షాపులో హెక్సాకొనజోల్ అనే శిలీంద్రాల మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇప్పుడు టానిక్ కలిపి ఇంకో మందు కొట్టమంటున్నారు. గెనేల (చేను గట్ల) మీద వయ్యారిభామ ఎక్కువగా ఉంది, దానికి 2,4-డి కలుపుమందు కొట్టమన్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ టానిక్ డబ్బా మూత తీయకుండా షాపులో తిరిగి ఇచ్చేయండి.

షాపు వాళ్లు చెప్పిన కాండం కుళ్లు శిలీంద్రం వల్ల వస్తుంది. అది కింది నుంచి మొదలవుతుంది. మొక్క మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తాయి. మీరు పంపిన ఫొటోలో మొదలు శుభ్రంగా ఉంది. లేత ఆకుల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, అక్కడి నుంచి తొడిమ, కాండం, మొవ్వు ఎండుతూ వచ్చాయి. ఇది కాండం కుళ్లు వైరస్ తెగులు. పేర్లు దగ్గరగా ఉండేసరికి రెంటినీ ఒకటే అనుకుంటున్నారు. వైరస్‌కు హెక్సాకొనజోల్ పనిచేయదు, ఆ రెండు పిచికారీల డబ్బు పోయినట్టే. ఒకసారి నాలుగు మొక్కలు పీకి మొదళ్లు మీరే చూసుకోండి.

ఈ తెగులు మీ జిల్లాకు కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురంలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల శనక్కాయను దెబ్బతీసింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అప్పుడే తేలింది, దీని పుట్టిల్లు చేలో లేదు, మీరు చివర్లో ఒక ముక్కలో చెప్పి వదిలేసిన ఆ వయ్యారిభామలో ఉందని.

వయ్యారిభామకు ఈ వైరస్ ఉన్నా జబ్బు లక్షణమేదీ కనిపించదు, పచ్చగా నవనవలాడుతుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పూలలో తిరిగే తామర పురుగులు (త్రిప్స్) ఒంటికి పుప్పొడి అంటించుకుని శనక్కాయ మీద వాలి ఆకు గీకుతాయి. ఆ గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. రోడ్డు వైపు సాళ్లే ముందు చచ్చిపోతున్నాయని మీరే రాశారు కదా, అందుకు కారణం ఇదే.

ఇది ఎక్కడ మొలుస్తుందని రైతులు అడుగుతుంటారు. కదిపి వదిలేసిన నేల ఎక్కడుంటే అక్కడ. రోడ్డు అంచులు, రైలు కట్టల పక్కన, కాలువ గట్లు, చెరువు కట్టలు, బీళ్లు, ఎరువు దిబ్బలు, ఖాళీ ఇళ్ల స్థలాలు. నల్లరేగడి, ఎర్రనేల అని తేడా లేదు. పశువులు మామూలుగా ముట్టవు కాబట్టి మేపి తగ్గించడమూ కుదరదు, తింటే పాలు చేదెక్కుతాయి. దీనికి గిట్టనిది నీడ. ఒత్తుగా ఎదిగిన పైరు మధ్య నిలవదు, గడ్డి దట్టంగా పట్టిన గట్టు మీదా అంతే. మనమేమో గెనేలను ఏటా నున్నగా చెక్కి దానికి పరుపు వేసి ఇస్తున్నాం. తగిరిస మొక్క మొలిచిన చోట అది వయ్యారిభామను అణచేస్తుంది, దాన్ని పీకకండి.

తొలకరి చినుకు పడితే మొలుస్తుంది, మొలిచిన నాలుగు వారాలకే పూస్తుంది. బాగా పెరిగిన మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది, అవి నీటితో, గాలితో, ట్రాక్టర్ చక్రాలకు అంటిన మట్టితో ఊరూరా తిరుగుతాయి. అందుకే ఒక్కసారి పీకి ఊరుకుంటే చాలదు. జూన్ నుంచి మూడు వారాలకొకసారి గెనేలు చుట్టి రండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. చేలో జబ్బు మొక్కలు పీకకండి. శనక్కాయ నుంచి శనక్కాయకు ఈ వైరస్ పాకదు, పైగా మొక్కలు పలచబడితే తామర పురుగులు వాలడానికి ఇంకా అనువు. గెనేల మీది వయ్యారిభామను వాన పడ్డాక, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకండి. పూత రానిదాన్ని కంపోస్టు గుంటలో వేయవచ్చు, పూసినదాన్ని మాత్రం ఎండబెట్టి కాల్చండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దురద, ఉబ్బసం ఉన్నవాళ్లను ఈ పనికి పంపొద్దు.

2,4-డి జోలికి పోకండి. గాలికి కొట్టుకొచ్చిన తుంపర మీ శనక్కాయనూ, పక్కవాళ్ల పత్తినీ టమాటానూ మాడ్చేస్తుంది. దాని ఖరీదు పెట్టి ఇద్దరు కూలీలను పెట్టుకోండి. వయ్యారిభామ ఆకులు జల్లెడలా తూట్లు పడి ఉంటే మెక్సికన్ పెంకు పురుగు పనిలో ఉందన్నమాట. 1984లో బెంగళూరులో వదిలిన పురుగు అది, మన మేలుకోరేదే. గెనేల మీద పురుగుమందు కొట్టి దాన్ని చంపుకోకండి.

వచ్చే ఖరీఫ్‌కు కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పురుగుమందు 2 మి.లీ. పట్టించి విత్తండి. చేను చుట్టూ 4 వరుసల జొన్న లేదా సజ్జ ఒత్తుగా, శనక్కాయతో పాటే వేయండి. పక్కనే పొద్దుతిరుగుడు వద్దు, దానికీ ఈ వైరస్ సోకుతుంది. విత్తిన 20 రోజులకు తామర పురుగు కనిపిస్తేనే ఎకరాకు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ 60 మి.లీ. 200 లీటర్ల నీటిలో కలిపి ఒకసారి కొట్టండి. రెండోసారి కొట్టమని షాపులో చెబితే, ఏ పురుగుకో చేలోకి వచ్చి చూపించమనండి.

ఈ వారంలో వేళ్లతో సహా పీకిన రెండు మూడు జబ్బు మొక్కలు తడిగుడ్డలో చుట్టి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఫొటోలో కనిపించనిది మొక్కలో కనిపిస్తుంది.