కడుపుతో ఉన్నప్పుడు పోయిన నొప్పులు కాన్పయ్యాక తిరిగొచ్చాయేం?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ధర్మవరం. పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మూడేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఏ నొప్పీ లేదు, జబ్బు పోయిందనుకున్నాం. బాబుకు రెండో నెల వచ్చేసరికి పొద్దున్నే వేళ్లు కొయ్యబారుతున్నాయి. వాడి చొక్కా టిచ్ బటన్లు కూడా నొక్కలేకపోతున్నాను. చన్నీళ్లు ముట్టుకున్నందుకు బాలింత వాతం పట్టిందని, వేడినీళ్లే వాడమని అంటున్నారు అత్తగారు. మెడికల్ షాపులో పొట్లం కట్టి ఇచ్చిన మాత్రలతో రెండు రోజుల్లో తేలికపడింది. నెల నుంచి అవే వాడుతున్నాను. కొనసాగించవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ పొట్లం సంగతి. పేరు లేని మాత్రతో రెండు రోజుల్లో తేలికపడిందంటే అందులో స్టెరాయిడ్, అంటే వాపును గబగబా అణిచే మందు, ఉందని నా అనుమానం. ఇలాంటి పొట్లాలు మా క్లినిక్‌లో నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. అలాగని రేపటి నుంచే మానేయకండి. వారాల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్లొచ్చు. ఈ వారంలోనే ఆ పొట్లం పట్టుకుని కీళ్లవాతం చూసే డాక్టరు (రుమటాలజిస్టు) దగ్గరికి వెళ్లండి. మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

ఇక అసలు ప్రశ్న. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటే మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ల మీద దాడి చేసే జబ్బు. ఈ జబ్బున్న ఆడవాళ్లలో సగానికి పైగా కడుపుతో ఉన్నప్పుడు తేరుకుంటారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు దీన్నీ, పచ్చకామెర్లు వచ్చినప్పుడు కూడా నొప్పులు తగ్గడాన్నీ చూసే, ఒంట్లోనే ఏదో మందు తయారవుతోందని ఊహించారు. ఆ వెతుకులాటే 1948లో కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కీళ్ల జబ్బుకు వాడేదాకా తీసుకెళ్లింది, 1950లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్), ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ బాగా పెరుగుతాయి. బిడ్డను కాపాడుకోవడానికి రోగనిరోధక వ్యవస్థ కూడా కాస్త తగ్గి నడుస్తుంది. కాన్పు కాగానే ఆ హార్మోన్లు దిగిపోతాయి. పాల కోసం పెరిగే ప్రొలాక్టిన్ వాపును ఎగదోసేదే. అందుకే కాన్పయిన మొదటి నెలల్లో జబ్బు తిరగబెడుతుంది. ఇందులో చన్నీళ్ల తప్పు లేదు, మీ తప్పు అసలే లేదు.

పొద్దున్నే ఎందుకంటారా? కార్టిసాల్ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఆ వేళ వాపు రసాయనాలు పెరిగి, తెల్లారేసరికి కణుపులు బిగుస్తాయి.

పాలిస్తున్నారని డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇప్పుడు వాడకూడదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ లాంటివి సాధారణంగా వాడొచ్చు. పాలు మాన్పించాల్సిందేనని తొందరపడకండి. జబ్బును అదుపు చేయకుండా వదిలేస్తే మాత్రం కీళ్లు అరిగి వేళ్లు వంకరపోతాయి, అవి మళ్లీ తిన్నగా కావు. అలాంటి చేతులు చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

అత్తగారి వేడినీళ్ల మాట మాత్రం వినండి. లేవగానే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో చేతులు ఉంచితే బిగుతు సడలుతుంది. అందాకా ఆ టిచ్ బటన్ల పని మీ ఆయన చూసుకుంటారు.